గొంతు కోసం వేసిన దారిలో అంకెలు

1980ల నడుమ రేడియో బెల్‌గ్రేడ్ 202లో ‘వెంటిలేటర్ 202’ అని ఒక కార్యక్రమం వచ్చేది. నడిపేవారు జోరాన్ మోడ్లీ. పాటల మధ్యలో ఆయన క్యాసెట్లు సిద్ధం చేసుకోమని శ్రోతలకు చెప్పేవారు. ఆ వెంటనే రేడియోలోంచి చెవులు గింగుర్లెత్తించే కీచురొద మొదలయ్యేది. సంగతి తెలియనివాళ్లకు అది స్టేషన్ పాడైన చప్పుడు. తెలిసిన కుర్రాళ్లు రికార్డు మీట నొక్కి, ఆ రొద చివరంటా అయ్యేదాకా కదలకుండా కూర్చునేవారు. తర్వాత ఆ క్యాసెట్టునే తమ కంప్యూటరుకు వినిపిస్తే తెర మీద ఓ ఆటో, ఓ లెక్కల ప్రోగ్రామో ప్రత్యక్షమయ్యేది. తీగ లేకుండా ఇంటింటికీ సాఫ్ట్‌వేర్ చేరడమన్నది వైఫై అనే పేరు పుట్టడానికి దాదాపు 15 ఏళ్ల ముందే జరిగింది.

ఆ శ్రోతల్లో చాలామంది దగ్గరున్న కంప్యూటరు కూడా మామూలుది కాదు. అప్పటి యుగోస్లావియాలోకి విదేశీ వస్తువులు తెచ్చుకోవడానికి గట్టి పరిమితులుండేవి. కొనుక్కోలేకపోతే కట్టుకోవచ్చు గదా అనుకున్నారు వోయా ఆంటోనిచ్ అనే ఆవిష్కర్త. 1983లో ఆయన గలాక్సియా అనే చిన్న కంప్యూటరును రూపొందించి, దాన్ని ఇంట్లో ఎలా తయారు చేసుకోవాలో బొమ్మలతో సహా ఒక సైన్సు పత్రిక ప్రత్యేక సంచికలో అచ్చువేయించారు. వేలమంది విడిభాగాలు తెప్పించుకుని, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, సొంత చేతులతో కంప్యూటరు కట్టుకున్నారు. ఆ కంప్యూటరుకు తిండి పెట్టింది రేడియో.

తొలినాటి కంప్యూటర్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లను ఏం గుర్తుందని అడిగితే తెర మీది బొమ్మలకన్నా ముందు శబ్దాల గురించి చెబుతారు. క్యాసెట్టు కీచుమనడం, మోడెమ్ ఈల వేసి, గరగరలాడి, చివరికి హోరుమనడం. ఇవి యంత్రం ఊరికే చేసిన చప్పుళ్లు కావు. ఆ శబ్దమే సమాచారం. ఇంట్లోకి కొత్తగా వచ్చిన కంప్యూటరుకు తనదంటూ ఏ సామగ్రీ ఉండేది కాదు. తెర కావాలంటే టీవీని వాడుకుంది. దాచుకోవడానికి టేపు రికార్డరును, బయటి లోకంతో మాట్లాడడానికి టెలిఫోన్‌ను ఎరువు తెచ్చుకుంది. చివరి రెండూ మనిషి గొంతు కోసం, మనిషి చెవి కోసం తయారైనవి. ఆ దారిలో వెళ్లాలంటే అంకెలు కూడా చెవికి వినబడే వేషం కట్టక తప్పలేదు. ఈ అధ్యాయం ఆ వేషం గురించి.

రెండు షడ్జాలు

ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటికి తెచ్చిన కాంపాక్ట్ క్యాసెట్ పదేళ్లు గడిచేసరికి ఎక్కడ చూసినా ఉంది. ఫ్లాపీ డ్రైవు కొనాలంటే కంప్యూటరు ఖరీదు మళ్లీ పెట్టాల్సిన రోజుల్లో, ఇంట్లో ఉన్న టేపు రికార్డరునే వాడుకుందామన్న ఆలోచన సహజంగానే వచ్చింది. ఓ చిక్కు మాత్రం ఉంది. టేపు మీది అయస్కాంత పూత ఎంత బలంగా ఉన్నా, అది మారకుండా నిలకడగా ఉంటే చదివే హెడ్‌కు ఏమీ తెలియదు. అయస్కాంతత్వం మారినప్పుడే హెడ్ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. అందువల్ల ‘ఒకటి అంటే వోల్టేజి ఉంది, సున్నా అంటే లేదు’ అని నేరుగా రాస్తే చదవడానికి ఏమీ మిగలదు. ఎప్పుడూ ఊగుతూ ఉండే సంకేతం కావాలి. ఊగేదాన్నే మనం స్వరం అంటాం.

1975 నవంబరులో అమెరికాలోని కాన్సస్ సిటీలో బైట్ పత్రిక చొరవతో ఔత్సాహికులు సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు. సున్నాకు 1,200 హెర్ట్జ్ స్వరం నాలుగు ఊపులు, ఒకటికి 2,400 హెర్ట్జ్ స్వరం ఎనిమిది ఊపులు. సెకనుకు 300 బిట్లు. శబ్దమైతే చాలు గనక టేపే కానక్కర్లేదు: 1977 మేలో ఇంటర్‌ఫేస్ ఏజ్ అనే పత్రిక పల్చటి ప్లాస్టిక్ గ్రామఫోన్ రికార్డు మీద ప్రోగ్రాం ముద్రించి సంచికతో పాటు ఇచ్చింది.

ఈ పద్ధతిని అందరికన్నా పొదుపుగా వాడిన యంత్రం జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అని నా అభిప్రాయం. క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదల చేసింది. 16 కె.బి. మోడల్ 125 పౌండ్లు, 48 కె.బి.ది 175 పౌండ్లు. క్యాసెట్టును చదవడానికి అందులో ప్రత్యేకమైన చిప్ అంటూ లేదు. హార్డ్‌వేర్ రూపొందించిన రిచర్డ్ ఆల్ట్‌వాసర్, రోమ్‌లోని ప్రోగ్రాం రాసిన స్టీవ్ వికర్స్ ఆ పని ప్రాసెసరుకే అప్పగించారు. టేపు రికార్డరు నుంచి వచ్చే తీగ ఒక్క బిట్‌గా యంత్రంలోకి చేరుతుంది. జెడ్80 ప్రాసెసరు మిగతా పనులన్నీ పక్కనపెట్టి, ఆ బిట్ ఎప్పుడు మారుతుందా అని కళ్లార్పకుండా చూస్తూ, మార్పుకూ మార్పుకూ మధ్య ఎంత సమయం పట్టిందో లెక్కపెడుతుంది. గడియారం సెకనుకు 35 లక్షల సార్లు కొట్టుకునే ప్రాసెసరు అది. 855 దెబ్బల చొప్పున రెండు మార్పులు వస్తే సున్నా. 1,710 దెబ్బల చొప్పున వస్తే ఒకటి.

ఈ లెక్కను స్వరాల్లోకి మారిస్తే ముచ్చటేస్తుంది. సున్నాల వరుస వస్తే దాదాపు 2,047 హెర్ట్జ్. ఒకట్ల వరుస వస్తే సరిగ్గా అందులో సగం. సగం పౌనఃపున్యమంటే మన సంగీతంలో ఒక స్థాయి తేడా: సున్నా పై షడ్జం, ఒకటి కింది షడ్జం. కాన్సస్ సిటీ వాళ్లు ఎంచుకున్నదీ అదే నిష్పత్తి, కాకపోతే తలకిందులుగా. మధ్య స్వరాలేవీ లేని సంగీతం అది. ఆ రెంటి మధ్య సెకనుకు వెయ్యికి పైగా గెంతులు వేస్తుంటే మన చెవి స్వరాలను విడదీయలేక గరగరగా వింటుంది. కానీ ప్రతి దస్త్రానికీ ముందు దాదాపు 5 సెకన్లపాటు 807 హెర్ట్జ్ దగ్గర నిలకడైన కూత వస్తుంది. సమాచారం రాబోతోందని ప్రాసెసరును మేల్కొలిపే కూత అది. ఈలోగా టేపు వేగం, శబ్దం స్థాయి కూడా కుదురుకుంటాయి.

ఆ కూత వింటున్నంతసేపూ తెర అంచున ఎరుపు, లేత నీలం చారలు మెల్లగా పాకుతాయి. సమాచారం మొదలవగానే అవి నీలం, పసుపు చారలై సన్నగా, పిచ్చిపట్టినట్టు పరుగెడతాయి. అలంకారం కోసం పెట్టినవి కావవి. మార్పు కనబడిన ప్రతిసారీ ప్రాసెసరు అంచు రంగును మారుస్తుంది. వెడల్పు చార వచ్చిందంటే ఒకటి, సన్న చార వచ్చిందంటే సున్నా. బిట్లను కంటితో చూస్తూ చెవితో వినగలిగే యంత్రం పిల్లల చేతికి వచ్చిన కాలం అది. నా దృష్టిలో అంతకు మించిన కంప్యూటర్ పాఠం లేదు.

ముందుగా వచ్చేది ఆట ముఖచిత్రం. 6,912 బైట్లు, దాదాపు 40 సెకన్లు. ఆ చిత్రం పైనుంచి కిందికి వరుసగా రాదు. తెరను మూడు భాగాలుగా చేసి, ఒక్కో భాగంలో మొదట ప్రతి ఎనిమిదో గీత, తర్వాత వాటి కిందివి, అలా పరదా అల్లినట్టు నిండుతుంది. అక్షరాలను తెర మీద వేగంగా అచ్చువేయడానికి వీలుగా మెమరీని అలా అమర్చారు. అక్షరంలో ఒక గీత నుంచి కింది గీతకు దిగాలంటే చిరునామాకు 256 కలిపితే చాలు, ప్రాసెసరుకు అది ఒక్క ఆదేశం. 6,144 బైట్ల నలుపు తెలుపు బొమ్మ పూర్తయ్యాక చివరి 768 బైట్లూ రంగులు. బొమ్మంతా ఒక్కసారిగా రంగు పూసుకునేది ఆ చివరి నాలుగైదు సెకన్లలోనే. ఆ పిల్లలు ఇప్పుడు యాభై దాటినవాళ్లు. ఆ రంగులు రావడాన్ని వాళ్లు ఇప్పటికీ ఎంత వివరంగా వర్ణిస్తారో విన్నాక, ఎదురుచూపులో కూడా ఒక కళ ఉందని నాకు నమ్మకం కుదిరింది.

48 కె.బి. నిండా ఉన్న ప్రోగ్రామంటే 3,93,216 బిట్లు. సున్నాలూ ఒకట్లూ సమానంగా ఉన్నాయనుకుంటే 5 నిమిషాలకు కొంచెం తక్కువ. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదిలే టేపు మీద అది దాదాపు 14 మీటర్ల పొడవు. ఆ పొడవంతటా ఎక్కడ ఒక్క బిట్ చెడినా చివర్లో తేలుతుంది. ప్రతి దస్త్రం చివరా ఒక సరిచూపు బైటు ఉంటుంది, అది కుదరకపోతే ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అన్న మాట తెర కింద కనబడుతుంది. తప్పు జరిగిందని పట్టుకోగలదే గాని ఎక్కడ జరిగిందో చెప్పలేదు, దిద్దలేదు. మళ్లీ మొదటినుంచి చుట్టాల్సిందే.

అందుకే ఆ తరం పిల్లల దగ్గర చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. టేపు మీద సున్నా తాలూకు ఒక ఊపు పొడవు దాదాపు 23 మైక్రాన్లు, తలవెంట్రుక మందంకన్నా తక్కువ. హెడ్‌లోని సన్నటి సందు టేపుకు సరిగ్గా నిలువుగా లేకుండా రవ్వంత వాలినా, టేపు పై అంచునూ కింది అంచునూ వేర్వేరు క్షణాల్లో చదువుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పొట్టి తరంగాలకే, అంటే సున్నాలకే, ముందు దెబ్బ తగులుతుంది. శబ్దం మొద్దుబారుతుంది. హెడ్ పక్కనున్న మరను మెల్లగా తిప్పుతూ శబ్దం మళ్లీ పదునెక్కేదాకా వినడమే మందు. దానికి కొలిచే పరికరం అక్కర్లేదు, చెవి చాలు. కంప్యూటరు మరమ్మతు చెవితో జరగడమన్నది మళ్లీ రాలేదు.

శబ్దం గనక దాన్ని ఎవరైనా నకలు తీసుకోవచ్చు. రెండు అరల టేపు రికార్డరుంటే ఒక ఆట రెండవుతుంది, ఆటల కంపెనీలు ఎంత తలలు బాదుకున్నా సరే. మన ఊళ్లలో ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇచ్చి సినిమా పాటలు ఎక్కించుకొచ్చిన షాపులు చేసిందీ భౌతికంగా ఇదే పని. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకం కింద కొన్ని వందల బడులకు చేరిన బీబీసీ మైక్రో కంప్యూటరు కూడా టేపు మీద 1,200, 2,400 హెర్ట్జ్ స్వరాల్లోనే రాయగలిగేది, కాన్సస్ సిటీ కన్నా నాలుగు రెట్లు వేగంగా. నెదర్లాండ్స్‌లో హాబీస్కూప్ అనే రేడియో కార్యక్రమం ఇంకో అడుగు వేసింది. ఒక కంపెనీ కంప్యూటరు వాడే బేసిక్ ప్రోగ్రామింగ్ భాష ఇంకో కంపెనీదానికి అర్థం కాని రోజుల్లో, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఆదేశాలు మాత్రమే వాడి, అన్నీ వినగలిగే ఒకే రకం శబ్దంతో ప్రోగ్రాములను ప్రసారం చేసింది. దాని పేరు బేసికోడ్. వేర్వేరు యంత్రాల మధ్య ఒక ఉమ్మడి భాష ఉండాలన్న తపన ఇంటర్నెట్ ఇళ్లకు రాకముందే ఇళ్లలో ఉందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈల నుంచి హోరు దాకా

టెలిఫోన్ కథ ఇంకా లోతైనది. మాట అర్థం కావడానికి ఎంత అవసరమో అంతే శబ్దాన్ని టెలిఫోన్ తీసుకెళ్తుంది: సుమారు 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ వరకు. పైవి, కిందివి కత్తిరిస్తుంది. ఫోన్‌లో పాట చప్పగా వినబడేది అందుకే. కంప్యూటరు సమాచారమంతా ఈ 3,100 హెర్ట్జ్ సందులోంచి దూరి వెళ్లాలి. అమెరికాలో 1968 దాకా ఫోన్ కంపెనీ తన తీగకు బయటివాళ్ల పరికరాలను తగిలించనిచ్చేది కాదు. కార్టర్‌ఫోన్ కేసు తీర్పుతో ఆ కట్టడి సడలింది. అంతకు ముందూ, ఆ తర్వాత కొన్నేళ్లూ రబ్బరు గిన్నెల్లో ఫోన్ రిసీవరును బోర్లించి, స్పీకరుతో ఈల వేయించి, మైకుతో విన్నారు. గాలి గుండా నిజంగానే శబ్దం వెళ్లేది.

1962 నాటి బెల్ 103 మోడెమ్ సెకనుకు 300 బిట్లు పంపేది. ఫోన్ చేసినవైపు 1,070, 1,270 హెర్ట్జ్ స్వరాలు. ఎత్తినవైపు 2,025, 2,225. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకున్నా ఒకరి స్వరాలు ఇంకొకరివాటికి అడ్డురావు. ఇదీ క్యాసెట్టు పద్ధతే, వినడానికి ఈలలా ఉంటుంది. కానీ వేగం పెంచాలంటే ఈలల మార్పిడి సరిపోదు. సెకనుకు ఎక్కువ సార్లు స్వరం మారిస్తే అది ఆక్రమించే వెడల్పు కూడా పెరుగుతుంది, సందు చూస్తే ఇరుకు. ఇంజినీర్లు అప్పుడు ఒక్కో మార్పులో ఎక్కువ బిట్లు కుక్కే మార్గం పట్టారు. స్వరం ఒకటే, దాని బలం ఎంత, దాని ఊపు ఏ క్షణంలో మొదలైంది అన్నవి రెండూ కలిపి చూస్తారు. గడియారం ముల్లు పొడవును, అది చూపే దిక్కును కలిపి చదివినట్టు. 1984 నాటి వి.22బిస్ మోడెమ్ సెకనుకు 600 సార్లు మాత్రమే మారుతుంది. ప్రతి మార్పులో 16 స్థానాల్లో ఒకటి ఎంచుకుంటుంది గనక ఒక్కోటి 4 బిట్లు, మొత్తం 2,400. 1994లో వచ్చిన వి.34 సెకనుకు 28,800 బిట్లకు చేరింది, రెండేళ్లకు 33,600కు ఎగబాకింది.

ఆ తర్వాత? దారి మూసుకుపోయింది. మూసుకుపోతుందని క్లాడ్ షానన్ 1948లోనే లెక్కకట్టి పెట్టారు. ఒక మార్గంలో సెకనుకు ఎన్ని బిట్లు తప్పుల్లేకుండా పంపొచ్చన్నది ఆ మార్గం వెడల్పు మీద, అందులోని రొదకు సంకేతం ఎన్ని రెట్లు బలంగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. 3,100 హెర్ట్జ్ వెడల్పు, రొదకన్నా సుమారు 3,000 రెట్లు బలమైన సంకేతం ఉన్న మంచి ఫోన్ లైనును తీసుకుంటే షానన్ సూత్రం ఇచ్చే హద్దు దాదాపు 36,000. పేదరికంలో పుట్టిన ఎరువు తెచ్చుకున్న దారిని, ప్రకృతి అనుమతించే చివరి అంచు దాకా వాడుకున్నారన్నమాట. ఇంజినీరింగ్ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టాల్లో ఇదొకటి.

హద్దుకు దగ్గరవుతున్నకొద్దీ శబ్దం ఎందుకు మారిందో కూడా షానన్ సూత్రమే చెబుతుంది. ఈలలో శక్తంతా ఒక్క చోటే పోగుపడుతుంది. తర్వాతి క్షణంలో ఏమొస్తుందో చెవి ఊహించగలదు. ఊహించగలిగినదానిలో కొత్త సమాచారం తక్కువ. సందు మొత్తాన్నీ వాడుకోవాలంటే శక్తి అన్ని స్వరాల్లోకీ సమానంగా పరుచుకోవాలి, తర్వాత ఏమొస్తుందో ఎవరికీ అంతుపట్టకూడదు. అలాంటి సంకేతం వినడానికి అచ్చం రొదలాగే ఉంటుంది. మోడెములు బిట్లను కావాలనే కలగాపులగం చేసి పంపేవి, ఆ సమానత్వం కోసం. 300 బిట్ల మోడెమ్ ఈల, 33,600 బిట్ల మోడెమ్ వర్షపు హోరు. ముప్పై ఏళ్ల సమాచార శాస్త్రం ఆ రెండు శబ్దాల మధ్య ఉంది.

డయలప్ వాడినవాళ్లకు ఆ వరుస నోటికొచ్చినంతగా గుర్తుంటుంది. మొదట నంబరు తిప్పడం. కొత్త ఎక్స్‌ఛేంజీలైతే ఒక్కో అంకెకు రెండేసి స్వరాల జంట, పాత ఎక్స్‌ఛేంజీలైతే టకటక. అవతలి మోడెమ్ ఎత్తగానే 2,100 హెర్ట్జ్ దగ్గర సన్నటి నిలకడైన కూత. అది మోడెమ్ కోసం కాదు, ఫోన్ వ్యవస్థ కోసం. దూరపు లైన్లలో మనుషులకు తమ గొంతు తమకే ప్రతిధ్వనించకుండా, ఒకరు మాట్లాడుతుంటే రెండోవైపు నొక్కేసే పరికరాలుండేవి. మోడెములేమో రెండువైపులా ఒకేసారి మాట్లాడాలి. ‘ఇక్కడ మనుషులు లేరు, మీ సాయం ఆపండి’ అని చెప్పడమే ఆ కూత పని. అందులో 450 మిల్లీసెకన్లకొకసారి చిటుక్కుమని వినబడేది కొత్తరకం ప్రతిధ్వని పరికరాలకు అదే మాట. ఆ పైన గలగల: మీకు ఏయే పద్ధతులు తెలుసు, నాకివి తెలుసు అని 300 బిట్ల వేగంలో రెండు యంత్రాల పరిచయాలు. తర్వాత 150 హెర్ట్జ్ నుంచి 3,750 దాకా మెట్లుమెట్లుగా ఎన్నో స్వరాలను కలిపి ఒకేసారి మోగించి, ఈ లైనులో ఏ స్వరం ఎంత నలిగి వస్తోందో కొలుచుకోవడం. దానికి తగ్గట్టు సర్దుకుంటూ హోరులోకి జారడం. ఆపైన చడీచప్పుడూ లేదు.

చప్పుడు ఆగడానికి కారణముంది. నంబరు తప్పిందో, లైను బిజీగా ఉందో, అవతల ఎవరైనా మనిషి ఎత్తారో తెలియడానికే మోడెములో చిన్న స్పీకరు పెట్టారు. కలిశాక దానితో పని లేదు గనక మూసేసేవి. అంటే లోకమంతా ఇంటర్నెట్ శబ్దమని గుర్తుంచుకున్నది రెండు యంత్రాలు ఒకదాన్నొకటి తెలుసుకుంటున్న అర నిమిషం మాత్రమే. అసలు ఉత్తరాలూ బొమ్మలూ వెళ్తున్న శబ్దాన్ని విన్నది, మధ్యలో పొరబాటున ఇంకో గదిలో ఫోన్ ఎత్తిన ఇంటివాళ్లు. వాళ్లు ఎత్తగానే లైను చెడి అదీ తెగిపోయేది.

పదేళ్ల వయసుకీ ముప్పై ఏళ్లకీ మధ్య జరిగినవి జీవితాంతం ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ శబ్దాల మీద మమకారానికి అదొక కారణం. అది ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. 1982కి పుట్టనివాళ్లు కూడా ఇవాళ పాత స్పెక్ట్రమ్‌లు కొని, శుభ్రం చేసి, నడుపుతున్నారు. రాలిపోతున్న పూతలోంచి పాత క్యాసెట్లను ఒక్కొక్కటిగా డిజిటల్ దస్త్రాల్లోకి ఎక్కిస్తున్నారు. శబ్దమే సమాచారం కావడం ఇప్పుడు వాళ్లకు వరం. ఆ దస్త్రాన్ని ఫోన్‌లో మోగించి, ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి తీగ కలిపితే నలభై ఏళ్ల నాటి కంప్యూటరు దాన్ని క్యాసెట్టనుకునే వింటుంది. యంత్రం ఏం చేస్తోందో ఇంద్రియాలకు అందే రోజులవి. పరిశీలిస్తే ఎవరికైనా అర్థమయ్యేటంత చిన్నది ఆ లోకం. ఈ మమకారంలో పెద్ద భాగం ఆ అర్థమవడం మీదనే అని నేను నమ్ముతాను.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్‌ను వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న తెరిచింది, బి.కె. సింగల్ దాని అధిపతిగా ఉండగా. మొదట మహానగరాల్లో. డయలప్ వేగం సెకనుకు 9,600 బిట్లు. అక్షరానికి పది బిట్ల లెక్కన 80 అక్షరాల వెడల్పు, 25 గీతల ఎత్తు ఉన్న తెర నిండడానికి రెండు సెకన్లు. వంద కె.బి. ఫొటో రావడానికి దాదాపు రెండు నిమిషాలు. విద్యార్థులకు చవగ్గా ఇచ్చిన ఖాతాల్లో బొమ్మలే ఉండేవి కావు, అక్షరాలు మాత్రమే.

ఆ అక్షరాలు ఇంగ్లిష్‌వి. తెలుగు అప్పటికే తన దారి తాను వెతుక్కుంది. 1990ల తొలినాళ్ల నుంచే అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు యూజ్‌నెట్‌లో తెలుగు కోసం ఏర్పడిన చర్చాబృందంలో ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాసుకునేవారు. తలా ఒక రకంగా రాస్తే గందరగోళమని, రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక కట్టుబాటు తయారుచేశారు. దాన్ని ఆర్‌టీఎస్ అన్నారు. పొట్టి అచ్చుకు చిన్నక్షరం, దీర్ఘానికి పెద్దక్షరం, అలా. చదివేవాడి దగ్గర సరైన ప్రోగ్రాం ఉంటే అది తెలుగు లిపిలోకి మారుతుంది, లేకపోయినా చదువుకోవచ్చు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, మామూలు యంత్రాల్లోకి అది దిగిరావడానికి ఏళ్లు పట్టింది. ఇప్పటి లెక్కలో ‘అమ్మ’ అన్న మాట నిల్వకు 12 బైట్లు తీసుకుంటుంది. ఆర్‌టీఎస్‌లో అయితే 4. అంకెలు మనిషి గొంతు వేషం వేసుకుని తీగలో వెళ్తే, ఆ అంకెల్లోని తెలుగు ఇంకో లిపి వేషం వేసుకుని వెళ్లింది. వేషం ఏదైతేనేం, ఆ ఉత్తరాల్లో ఛందస్సు గురించి వాదించుకున్నారు, వంటలు చెప్పుకున్నారు, ఇంటి మీద బెంగ తీర్చుకున్నారు.

ఆటలూ ఈ తీగ పట్టుకునే పాకాయి. 1993 డిసెంబరు 10న ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు డూమ్ ఆట మొదటి భాగాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వరులోకి ఎక్కించారు. దస్త్రం రెండు ఎంబీలకు పైన. 14,400 బిట్ల మోడెమ్‌తో దించుకోవడానికి 20 నిమిషాలు దాటుతుంది, లైను తెగకపోతే. ఇద్దరు స్నేహితులు ఒకరి మోడెమ్‌తో ఒకరు నేరుగా ఫోన్ చేసుకుని ఆడుకోవచ్చు కూడా. నువ్వు కదిలావు, నేను కదిలాను అన్న చిన్న కబురు తప్ప ఇంకేమీ తీగలో వెళ్లేది కాదు. గోడలు, వెలుగునీడలు, రాక్షసులు అన్నీ ఎవరి యంత్రం వాళ్లే గీసుకునేవి. తీగ ఇరుకు వల్ల వచ్చిన ఆ తెలివే ఇప్పటి నెట్‌వర్క్ ఆటలకూ ఆధారం.

చెవికి అందని మేర

షానన్ హద్దును 56,000 బిట్ల మోడెమ్ దాటిందని కొందరంటారు. దాటలేదు, దారి మార్చింది. 1990ల నాటికి ఎక్స్‌ఛేంజీల మధ్య మాట అంకెలుగా వెళ్లడం మామూలైంది. సెకనుకు 8,000 కొలతలు, కొలతకు 8 బిట్లు, మొత్తం 64,000. ఇంటర్నెట్ కంపెనీ నేరుగా ఆ అంకెల వైపునే కలిస్తే, పాత తరహా తీగ మన ఇంటి నుంచి ఎక్స్‌ఛేంజి దాకా మాత్రమే మిగులుతుంది. మధ్యలో ఒక మార్పిడి, దాని రొద తగ్గుతాయి. కొలతకు 7 బిట్లు నమ్మకంగా వాడుకుంటే 56,000. అదీ మన వైపు వచ్చేదారిలోనే. మనం పంపేదారి అప్పటికి 33,600 దగ్గరే ఉంది.

తర్వాత వచ్చిన ఏడీఎస్‌ఎల్ ఆ రాగి తీగనే వాడింది కానీ గొంతు దారిని వదిలేసింది. దాని పని 26 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మనిషి చెవి 20 దగ్గర ఆగుతుంది. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్న ఇళ్లలో ఫోన్ దగ్గర చిన్న తెల్ల డబ్బా బిగించేవారు. మాటను, సమాచారాన్ని విడదీసే జల్లెడ అది. ఒకే తీగలో మాట కింద, అంకెలు పైన. ఫోన్ ఎత్తితే ఇంటర్నెట్ తెగడం లేదు. సమాచారానికి సొంత దారి దొరికాక మనకు వినబడవలసిన అవసరం తీరిపోయింది.

ఇప్పుడు పాత్రలు పూర్తిగా తారుమారయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో మొదలైనప్పుడు దాని నెట్‌వర్క్‌లో మాట కోసం వేరే దారంటూ లేదు. 4జీలో మాట కూడా ముక్కలుగా, మిగతా సమాచారంతో పాటే వెళ్తుంది. అలా పంపడానికి వాడే ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ పద్ధతి శబ్దాన్ని ఉన్నదున్నట్టు మోయదు. స్వరపేటిక దగ్గర పుట్టిన ఊపు నోటి ఆకారాన్ని బట్టి ఎలా మలుపు తిరుగుతుందో లెక్కకట్టి, ఆ లెక్కను మాత్రమే పంపుతుంది. అవతలి ఫోన్ ఆ లెక్కతో గొంతును మళ్లీ తయారుచేస్తుంది. గరిష్ఠంగా సెకనుకు 23,850 బిట్లు. మనిషి మాటకు అది ధారాళం. అదే కాల్‌లో పాత వి.34 మోడెమ్‌ను మాట్లాడిస్తే, గొంతుగా ఊహించుకోలేని ఆ హోరును ఈ పద్ధతి ముక్కముక్కలు చేస్తుంది. సెకనుకు 33,600 బిట్లు మోసే శబ్దం 23,850 బిట్ల సందులో పట్టదు. అవతల వినబడేది మోడెమ్‌కు పనికిరాని గరగర, అందులో బిట్లేవీ మిగలవు.